కళ్ళు తెరిచి ప్రార్థన చేసే అక్క

ఆవిడ చనిపోయిందన్న కబురు మా ఇంటికి ప్రార్థన అంశంగా వచ్చింది.

శనివారం పొద్దున్నే డ్రైవ్‌వేలో మంచు ఎత్తిపోస్తున్నాను. మా ఆవిడ సుగుణ తలుపు సందులోంచి తల పెట్టి, "గొలుసు" అంది. అంటే ఫోన్ అని. మా తెలుగు సంఘంలో ఎవరికైనా కష్టం వస్తే ముందు అమ్మగారికి, అంటే పాస్టరుగారి భార్యకి చెప్పుకుంటారు. అమ్మగారు ఒక ఇంటికి ఫోన్ చేస్తుంది, ఆ ఇంటివాళ్ళు ఇంకో ఇంటికి చేస్తారు. అట్లా మాట ఇల్లిల్లూ తిరిగి చివరి ఇంటికి చేరాక, ఆ చివరి ఇంటివాళ్ళు మళ్ళీ అమ్మగారికి ఫోన్ చేసి, విన్నది విన్నట్టు ఒప్పజెప్పాలి. దారిలో మాట పెరిగిందో తరిగిందో చూసుకోవడానికి ఈ ఏర్పాటు. జలుబుగా బయల్దేరి న్యుమోనియాగా తిరిగొచ్చిన సందర్భాలున్నాయి లెండి.

ఇప్పుడు గొలుసులో చివరి ఇల్లు మాది. ఒకప్పుడు ఆవిడది.

ఫోన్లో చెప్పిన మాట ఇంతే: "పూర్వం మన బల్లకు రొట్టె చేసిచ్చిన ఒక సహోదరి ప్రభువునందు నిద్రించారు. కుటుంబం కోసం ప్రార్థించండి." పేరు లేదు. గొలుసులో పేర్లు చెప్పరు, అది మా మర్యాద. ఇక కుటుంబం అంటారా, ఆసుపత్రి దగ్గర ఒంటి గదిలో ఆవిడకున్న కుటుంబం ఒక రేడియో, కిటికీలో ఒక కరివేపాకు కుండీ. ఫోన్ చేసినావిడ పెట్టెయ్యకుండా ఇంకో మాట కూడా చెప్పింది. అది చివర చెప్తాను. వచ్చిందే చివర్న కనక.

మేం ఆవిణ్ణి అక్క అనేవాళ్ళం. ఇక్కడా అదే రాస్తాను.

డెబ్బైల చివర, అమెరికాలో మా ఊరు షాంటిలీ చుట్టుపక్కల ఆవులు ఎక్కువ, ఆంధ్రులు తక్కువ. తెలుగులో స్తోత్రం చెప్పుకోవాలంటే ఎక్కడెక్కడి నుంచో అందరం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌కి చేరేవాళ్ళం. వాళ్ళ ఆరాధన అయిపోయి, కాఫీ కప్పులు తీసేశాక మధ్యాహ్నం మా వంతు. మెట్లు దిగి దేవుడి దగ్గరికి వెళ్ళడం నాకు అక్కడే అలవాటైంది. పైన ఎయిర్‌పోర్టుకి దిగే విమానాలు. అవి వచ్చినప్పుడల్లా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, వాక్యం మధ్యలో ఆగి వేలు పైకెత్తి నిలబడేవారు. విమానం వెళ్ళాక ఎక్కడ ఆపారో అక్కడే అందుకునేవారు. "పాపం అనేది..." అని ఆగితే, ఆ పాపం ఏమిటో తెలియక మేమంతా బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాళ్ళం.

నేను కౌంటీ ఆఫీసులో రోడ్ల నక్షాలు గీసేవాణ్ణి. మొదటి ఆదివారం నా పాట విని అయ్యగారు నన్ను పక్కకి తీసికెళ్ళి, దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో వరం ఇస్తాడు బ్రదర్, మీకు పెద్ద కారిచ్చాడు, అన్నారు. ఆ విధంగా పాడలేనివాణ్ణి పాడైన బండితో పరిచర్యకి నియమించారు. నాది స్టేషన్ వ్యాగన్. అందరి కంటే వెనక, వెనక్కి తిరిగి ఉండే సీటొకటి ఉండేది దాంట్లో. పిల్లలు కూర్చుని వెనకొచ్చే కార్లని వెక్కిరించడానికి పనికొచ్చే సీటు.

అక్క ఎప్పుడూ దాంట్లోనే కూర్చునేది. ముందు ఖాళీ ఉంది రా అక్కా అంటే వచ్చేది కాదు. "ముందేం వస్తుందో నువ్వు చూసుకో తమ్ముడూ, వెనకాల ఎవరొస్తున్నారో నేను చూసుకుంటాను" అనేది. అందుకే కారులో ఆవిడ మొహం నాకు జ్ఞాపకం లేదు. అద్దంలో జడ ముడి, నర్సుల టోపీ కోసం పెట్టుకున్న పిన్నులు, ఇంజను చప్పుడు మీంచి వచ్చే గొంతు, అంతే. ఆ గొంతు గుంటూరు దాటి ఎన్నేళ్ళయినా గుంటూరు దాటలేదు.

రొట్టె సంగతి చెప్పాలి. నెలకొకసారి బల్లారాధన ఉంటుంది మాకు, అంటే ప్రభువు శరీరమని రొట్టె విరిచి అందరం పంచుకు తినడం. అమెరికన్లు అట్టముక్కల్లాంటి బిళ్ళలు వాడతారు. అవి మా పెద్దలకి నచ్చలేదు. విరిస్తే విరగాలి, అది రొట్టె, అన్నారు. అక్క ఆదివారం రాత్రి డ్యూటీ దిగొచ్చి, మేం హారన్ కొట్టేలోపు మైదా కలిపి, పులియబెట్టకుండా, ఫోర్కుతో గాట్లు పెట్టి ఒవెన్‌లో కాల్చి, నీలం చారలున్న తెల్ల గుడ్డలో చుట్టి తెచ్చేది. గుడ్డ ఇంకా వెచ్చగా ఉందా అని మేం కారులో ముట్టుకుని చూసేవాళ్ళం. "ముట్టుకోకండర్రా, ఇంకా కూరగాయే, ప్రార్థన కాలేదు" అనేది. వండినదంతా ఆవిడ లెక్కలో కూరగాయే.

ఆవిడ భర్త మా సంఘానికి హార్మోనియం. హార్మోనియం వాయించేవాడు అనాలి గానీ, అతను లేకపోతే పాట లేదు, పాట లేకపోతే మా దగ్గర మిగిలేది అయ్యగారి వాక్యం, విమానాలు. హార్మోనియం సర్దడానికి తన బండిలో అందరి కంటే ముందే చేరేవాడు. మనిషి మృదువు. పిల్లలకి చాక్లెట్లు పంచేవాడు. రాగం ఎత్తుకుంటూ కళ్ళు మూసేవాడు, కన్నీళ్ళొచ్చేవి. ఇంట్లో బెల్టు తీసేవాడు.

అక్క ఆ సంగతి ఒక ఆదివారం అమ్మగారికి చెప్పింది. వంటగదిలో ఇద్దరూ యాపిల్స్ కోస్తున్నారు. ఏదో చెయ్యమని కాదు, ఎవరితోనైనా అనకపోతే గుండె పగిలేట్టుందని. మీరు నా కోసం ప్రార్థన చెయ్యండి చాలు అంది. అమ్మగారు చెడ్డది కాదు. ఏడ్చింది. ఇంటికెళ్ళి, తన ఒక్కదాని ప్రార్థన చాలదనుకుంది. గొలుసు మొదలుపెట్టింది. పేరు చెప్పలేదు. రాత్రి డ్యూటీ చేసే ఒక సహోదరిని ఆమె భర్త బెల్టుతో కొడుతున్నాడు, ఆ కుటుంబం కోసం ప్రార్థించండి, అంది.

పేరు చెప్పి ఉంటే దారిలో ఎవరో ఒకరు ఆ ఇంటికి ఫోన్ చెయ్యకుండా ఆగేవాళ్ళు. పేరు దాచారు కనక ఎవరికీ ఆపాలని తట్టలేదు. మా సంఘంలో నర్సులు చాలామంది. మాట ఇల్లిల్లూ తిరిగి చివరి ఇంటికి ముందున్న లంకెకి చేరింది. ఆ లంకె అప్పుడే పెళ్ళై ఇండియా నుంచి వచ్చిన అమ్మాయి. అప్పగించిన పని అక్షరం పోకుండా చెయ్యాలనుకునే రకం. ఆ అమ్మాయి చివరి ఇంటికి ఫోన్ చేసింది. అక్క డ్యూటీలో ఉంది. భర్త ఎత్తాడు. ఎవరెత్తినా చెప్పవచ్చు, ప్రార్థనకి ఆడా మగా లేదు అని మా నియమం. ఆ అమ్మాయి మొత్తం చెప్పింది. అతను మొత్తం విన్నాడు. తప్పకుండా ప్రార్థన చేస్తాం సిస్టర్ అన్నాడు. ఆ తర్వాత నియమం ప్రకారం అమ్మగారికి ఫోన్ చేసి, విన్నది విన్నట్టు, బెల్టుతో సహా, ఒప్పజెప్పాడు. మాట పూర్తిగా అందిందండీ, వందనాలు, అన్నాడు.

గొలుసు చివర ఉన్నది ఆ ఇల్లేనని అమ్మగారికి ఆ గొంతు వినేదాకా తట్టలేదు. వెళ్ళి అయ్యగారికి చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, ప్రార్థన చేద్దాం, అన్నారట.

అక్క పొద్దున్నే డ్యూటీ నుంచి ఇంటికి వెళ్ళింది. మళ్ళీ అదే ఆసుపత్రికి, ఈసారి పేషెంటుగా వచ్చింది. మణికట్టు విరిగింది. తోటి నర్సులు ఆవిణ్ణి ఇంటికి వెళ్ళనివ్వలేదు. దగ్గర్లో ఒక గది చూసిపెట్టారు. తర్వాతి ఆదివారం అతను మా ముందు నిలబడి, సాతాను మా కాపురాన్ని శోధించాడు, నా మీద నా భార్యకే నమ్మకం పోయింది, అని సాక్ష్యం చెప్పాడు. ఏడ్చాడు. అందరూ ఏడ్చారు. అట్లాగే కూర్చుని పాట ఎత్తుకున్నాడు. పాట పూర్తయ్యేలోపు అతనికి క్షమాపణ దొరికింది.

అక్కకి మాత్రం బల్ల ఆపేశారు. మా వాళ్ళకి చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం: బల్ల ఆపడం అంటే గుడికి రావద్దనడం కాదు. రావచ్చు, కూర్చోవచ్చు, కానుక వెయ్యవచ్చు. రొట్టె పళ్ళెం మాత్రం మీ దగ్గర ఆగదు. అందరి ముందూ లేచి తప్పు ఒప్పుకునేదాకా అంతే. ఆవిడ మీద మోపిన తప్పులు రెండు. ఇంటి గుట్టు బయట పెట్టడం. భర్త కప్పు కింద నుంచి వెళ్ళిపోవడం. మా కాపరికి మందని కాయడం కన్నా కాపురాలు కాయడం మీద శ్రద్ధ ఎక్కువ. మా సమావేశాన్ని కూడిక అంటాం. కూడికలో తీసివేత చూడటం నాకు అదే మొదలు.

ఆవిడ రావడం మానేస్తుందనుకున్నాం. మానలేదు. నెల తిరిగే ఆదివారం మేం గది ముందు హారన్ కొడితే, కట్టున్న చేత్తో గుడ్డలో చుట్టిన రొట్టె పట్టుకుని దిగింది. సుగుణ నోరు తెరిచి, అక్కా, నువ్వెందుకు ఇంకా... అని ఆగింది.

"బల్ల ఆపారు గానీ పొయ్యి ఆపలేదుగా" అంది అక్క, వెనక సీటులోకి ఎక్కుతూ.

నిజమే, ఆ సంగతి ఎవరికీ తోచలేదు. ఏళ్ళ తరబడి మా సంఘం మొత్తం, ఆవిడ కాల్చిన రొట్టె ఆవిడకి తప్ప, తిన్నాం. పళ్ళెం పట్టుకుని వరసలు తిరిగే పెద్దాయనకి ఒక అలవాటైంది. అక్క దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం కాస్త పైకి లేచేది, గుంట మీదుగా కారు పోనిచ్చేవాడు స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నట్టు. ఆవిడ తల వంచుకునేది కాదు. పళ్ళెం వైపే చూసేది. కారులో, "ఈసారి అంచు మాడిందిరా" అనో, "బానే విరిగింది" అనో అనేది. రుచి ఎలా ఉందని మాత్రం అడిగేది కాదు. అడిగితే ఏం చెప్పాలో తెలియక నేనూ సుగుణా ముందే ఏదో ఒకటి మాట్లాడేసేవాళ్ళం. చలి, పెట్రోలు ధర, నా డ్రైవింగ్. నా డ్రైవింగ్ మా ఇంట్లో ఎప్పటికీ అయిపోని అంశం.

మార్పులు మెల్లిగా కనపడ్డాయి. బేస్‌మెంట్ మెట్ల దగ్గర అందరం చెప్పులు విడిచేవాళ్ళం. అక్క విడవడం మానేసింది. తెల్ల నర్సు బూట్లతోనే తలుపు పక్క కుర్చీలో కూర్చునేది, హ్యాండ్‌బ్యాగు తోలు పట్టీ మణికట్టుకి చుట్టుకుని. గదిలో ఫోన్‌ని దిండు కింద పెట్టుకునేది. ఆవిడకి ఫోన్ చెయ్యాలంటే కాస్త మోగించి పెట్టేసి, మళ్ళీ చెయ్యాలి. లేకపోతే ఎత్తదు. గొలుసు సంగతి వస్తే, "దేవుడికి చెవులు బానే ఉన్నాయి, మధ్యలో ఈ ఎక్స్‌చేంజి దేనికంటా" అనేది. నవ్వేవాళ్ళం. ఆవిడ నవ్వేది కాదు. మేం నవ్వడం అయ్యేదాకా ఆగేది, అయ్యగారు విమానం కోసం ఆగినట్టు.

ఒకసారి ఇండియన్ సామాన్ల కొట్లో సుగుణతో కలిసి బెండకాయలు ఏరుతోంది. కొట్టువాడు ఏదో క్యాసెట్ పెట్టాడు, హార్మోనియం. అక్క చేతిలోంచి బెండకాయలు జారిపోయాయి. వేళ్ళు ముడుచుకోలేదు. చెయ్యి తిమ్మిరెక్కింది, విరిగిన చెయ్యి కదా, అంది. జారింది రెండో చేతిలోంచి అని సుగుణ నాకు ఇంటికొచ్చాక చెప్పింది.

ఈలోపు హార్మోనియానికి టెక్సస్‌లో ఉద్యోగం వచ్చింది. వీడ్కోలు విందు చేశాం. అతను వెళ్ళాక మా పాటలు కొన్నాళ్ళు కుంటుకుంటూ నడిచాయి. అయ్యగారి మనసు కూడా కొంత మెత్తబడింది. ఒక ఆదివారం ఆయనే పార్కింగ్ లాట్‌లోకి వచ్చి మా కారు వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. ఇంకెన్నాళ్ళమ్మా ఇట్లా, ఒక్క మాట చాలు, వచ్చే వారం లేచి సంఘాన్ని క్షమించమని అడగండి, నెల తిరిగేసరికి బల్లలో చెయ్యి వేద్దురు గాని, అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. అబద్ధపు నీళ్ళు కావు.

దారిలో సిగ్నల్ దగ్గర ఆగాక వెనక సీటు నుంచి అంది.

"తమ్ముడూ, నేనేం చేశానని చెప్పాలి? చెప్పిపెట్టు. నీకు నక్షాలు గియ్యడం వచ్చుగా."

సుగుణ వెనక్కి తిరిగి, నువ్వేం చెప్పకక్కా, వాళ్ళే నీకు చెప్పాలి, అంది. అక్క, "నాకు రొట్టె కాదే కావలసింది" అంది. "ఒక్క మనిషి. ఆ గదిలో ఒక్క మనిషి, నువ్వు చెప్పింది నిజమే అంటే చాలు. తర్వాత ఎన్ని క్షమాపణలైనా చెప్తా."

నిజమని మేమిద్దరం కారులో ఎన్నిసార్లు అన్నామో. కారు వేరు, గది వేరు. ఆవిడ చెప్పింది నాకు అర్థమైంది. దెబ్బ ఎక్కడ తగిలిందో మందు అక్కడే రాయాలి.

మరుసటి వారం తెల్లచీర కట్టుకుని వచ్చింది. బూట్లు మాత్రం విడవలేదు. వాక్యం అయ్యాక అయ్యగారు పిలిస్తే లేచి ముందుకెళ్ళింది. ఇక్కడ మా ఇంకో పద్ధతి చెప్పాలి. ఉజ్జీవ కూడికల్లో అయ్యగారు అందర్నీ తలలు వంచమంటారు, కళ్ళు మూసుకోమంటారు. పాపం ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి, ఎవరూ చూడరు, నేనొక్కణ్ణే చూస్తాను, అంటారు. ఎవరు ఎత్తారో పక్కవాడికి కూడా తెలియదు. అందుకే ధైర్యంగా ఎత్తుతాం.

అక్క అంది, "నేను క్షమాపణ చెప్తానండీ. ముందు ఒక్కటి అడుగుతాను. అయ్యగారు అడిగే పద్ధతిలోనే అడుగుతాను. అందరూ కళ్ళు మూసుకోండి. నేనూ మూసుకుంటాను, మీకెవరికీ ఇబ్బంది ఉండదు. మా ఆయన నన్ను కొట్టాడన్నది నిజమని నమ్మేవాళ్ళు చెయ్యెత్తండి. అయ్యగారొక్కరే చూస్తారు."

అని కళ్ళు మూసుకుంది. అయ్యగారు అడ్డు చెప్పబోయి, చెప్పలేక ఆగారు. అందరం తలలు వంచాం. నేను చెయ్యెత్తాను. పక్కన సుగుణ గాజులు మోచేతి దాకా జారిన చప్పుడు విన్నాను. వెనక ఎక్కడో ఇంకొకరి గాజులు కూడా కదిలినట్టే అనిపించింది. సరిగ్గా అప్పుడే పైన విమానం వచ్చింది. కుర్చీలు సన్నగా వణికాయి. ఆ చప్పుడు పోయేదాకా చెయ్యి పైనే ఉంచాను, భుజం లాగేసింది.

విమానం వెళ్ళింది. అయ్యగారి గొంతు చాలా మెత్తగా వినపడింది.

"ఎవరూ ఎత్తలేదమ్మా."

కళ్ళు తెరిచి లేచి నిలబడ్డాను. నేను ఎత్తానండీ అన్నాను. నా గొంతు అక్కడ పాటకే పనికి రాలేదు, మాటకేం పనికొస్తుంది. సుగుణ కూడా లేచి నేనూ అంది. అయ్యగారు చిరునవ్వు నవ్వి, మా బ్రదర్ కుటుంబానికి ఈ సిస్టర్ మీద ఎంత అభిమానమో మనందరికీ తెలుసు, అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. వెనక నుంచి ఇంకెవరైనా లేస్తారేమోనని చూశాను. అందరూ కళ్ళు తెరిచే ఉన్నారు, ఎవరూ ఎవరి వైపూ చూడటం లేదు.

అక్క మా వైపు చూసింది. పేషెంటు మనసు నిలపడానికి ఏం కాదని అబద్ధమాడే బంధువుని నర్సు చూసే చూపు.

"కూర్చో తమ్ముడూ" అంది.

తర్వాత సంఘం వైపు తిరిగి స్పష్టంగా, "అయితే తప్పు నాదే. క్షమించండి" అని, వెళ్ళి తలుపు పక్కన తన కుర్చీలో కూర్చుంది.

కారులో నేను ఒట్టు వేసి చెప్పాను. దేవుడి మీద వేశాను, నా ఉద్యోగం మీద వేశాను. అయ్యగారు అబద్ధం చెప్పారక్కా అన్నాను. వెనక సీటు నుంచి ఆవిడ గొంతు చాలా మామూలుగా వచ్చింది. "నువ్వు మంచోడివిరా. బండి తోలే మనిషివి, రోజూ చూస్తావు, నీకు జాలి. జాలి సాక్ష్యం కాదు. ఆయన అయ్యగారు, ప్రార్థనలో కళ్ళు తెరిచి అబద్ధమాడతాడా?" అంత దెబ్బ తిని కూడా ఆవిడకి ఆ నమ్మకం పోలేదు. పోయుంటే బాగుపడేదేమో. ఆయన్ని నమ్మింది కనక మా ఇద్దర్నీ, ఆ గదిని మొత్తాన్నీ నమ్మడం మానేసింది.

నెల తిరిగింది. రొట్టె పళ్ళెం ఈసారి ఆవిడ దగ్గర కిందకి దిగింది. అక్క ముక్క తీసుకుంది, నోట్లో పెట్టుకుంది. నమలడం చూశాను, మింగడం చూడలేదు. కారెక్కాక రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, తర్వాత దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"ఇంత చప్పగా ఉంటుందని తెలీదు" అంది. "ఇన్నేళ్ళూ ఇదా మీకు పెట్టింది."

అదే ఆఖరి రొట్టె. ఆ తర్వాత బేస్‌మెంట్‌కి రాలేదు. మా ఇంటికి మాత్రం వచ్చేది, భోజనానికి. నేను ప్రార్థన చేస్తుంటే ఎవరో చూస్తున్నట్టుండి ఒకసారి కళ్ళు తెరిచాను. అక్క కళ్ళు రెండూ తెరుచుకుని ఉన్నాయి. ప్రార్థిస్తూనే ఉంది, పెదాలు కదులుతున్నాయి. చూపు మాత్రం మా చేతుల మీద. ఎప్పుడూ అంతే ఆ తర్వాత. మాకూ మెల్లిగా అదే అలవాటైంది. ముగ్గురం కళ్ళు తెరుచుకుని ఒకరి చేతులొకరం చూసుకుంటూ పప్పుచారు చల్లారేదాకా దేవుణ్ణి స్తుతించేవాళ్ళం. చూసేవాళ్ళుంటే పేకాట ఆడుతున్నామనుకునేవాళ్ళు.

ఆసుపత్రిలో హెడ్ నర్సు, ఒక నల్లజాతి పెద్దావిడ, అక్క అవస్థ కనిపెట్టింది. ఇట్లా దెబ్బలు తిన్న ఆడవాళ్ళ కోసం మంగళవారాలు ఒక గుంపు కూర్చుంటుంది, వెళ్ళు, అంది. అక్క వెళ్ళింది. మొదటిసారి వెళ్ళొచ్చాక మా వంటింట్లో కూర్చుని సుగుణతో అన్న మాటలు, కూర తరుగుతూ నేనూ విన్నాను.

"నన్ను అడిగారే, ఎక్కడ దెబ్బ తగిలింది అని. చెయ్యి చూపించాను. అది మానిపోయిందిగా, ఇంకెక్కడ, అంది ఆ గుంపు నడిపే ఆవిడ. చర్చిలో, అన్నాను. అన్నాక నాకే తెలిసింది. కొట్టింది ఆయన, అది మానింది. మానంది ఇంకోటుంది. ఇన్నేళ్ళ నర్సుని, దానికి కట్టు ఎక్కడ కట్టాలో తెలీలేదు నాకు."

సుగుణ పొంగిపోయింది. ఇక దారిలో పడుతుందనుకున్నాం. రోగం పేరు తెలిస్తే సగం నయమైనట్టే అని మనం అంటాం కదా. మిగతా సగం సంగతి ఎవరూ చెప్పరు.

అక్క మళ్ళీ మంగళవారం వెళ్ళి, మధ్యలో లేచి వచ్చేసింది. ఎందుకక్కా అంటే, కుర్చీలు గుండ్రంగా వేశారు, అంది. ఒకామె చెప్పాక పక్కామె, ఆమె చెప్పాక ఆ పక్కామె. మాట వరసగా తన వైపు వస్తోంది. చివరి కుర్చీ తనది. "అది మంచి గొలుసేనే, నాకు తెలుసు. కాళ్ళు ఆగలేదు" అంది. హెడ్ నర్సు ఇంకా ఒకటి రెండుసార్లు తీసికెళ్ళి చూసింది. ఒక్కదానివే డాక్టరుతో మాట్లాడు, అంది. తలుపు మూసిన గదిలో ఒక్క పెద్దమనిషి ముందు కూర్చుని మనసు విప్పడమంటే అయ్యగారి గదే గుర్తొస్తోందట. ఆ మందు ఏ గ్లాసులో పోసినా ఆవిడకి పాత విషం గ్లాసులాగే కనపడింది.

తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. నైట్ డ్యూటీలు, కరివేపాకు కుండీ. రొమ్ములో గడ్డ ముందే తెలిసిందట. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ప్రార్థన అంశం అవుతుందని భయమేమో. మాకు తెలిసేసరికి తన వార్డులోనే మంచమెక్కింది. కిందటి వారం చూడ్డానికి వెళ్తే సుగుణ రొట్టె కాల్చి, ఎప్పుడో మా ఇంట్లో ఉండిపోయిన అదే నీలం చారల గుడ్డలో చుట్టి తీసికెళ్ళింది. అక్క గుడ్డ ముట్టుకుని, వెచ్చగా ఉంది, అంది. తినలేదు. వచ్చేస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు నువ్వు ఎత్తానన్నావు చూడు, అబద్ధమైనా బావుందిరా" అంది. అబద్ధం కాదక్కా, అన్నాను. తల ఊపింది, పిల్లల మాటకి ఊపినట్టు.

ఇక ఇవాళ్టి ఫోన్.

మా ముందు లంకె ఎవరో చెప్పలేదు కదా. అప్పట్లో కొత్తగా వచ్చిన ఆ అమ్మాయే. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. చావు కబురు అక్షరం పోకుండా చెప్పింది. చెప్పి పెట్టెయ్యలేదు.

"అన్నయ్యా, ఆ రోజు నేనూ ఎత్తాను. అక్క వాళ్ళాయనకి ఫోన్లో ఆ మాట చెప్పింది నేనే కదా, ఎత్తకుండా ఎలా ఉంటాను? అయ్యగారు ఎవరూ లేరనేసరికి, నాది ఆయనకి కనపడలేదేమో అనుకున్నాను. మీరు లేచినప్పుడు మా వారు నా కొంగు పట్టుకున్నారు. అక్కకి చెబుదామనే అనుకుంటూ ఉన్నాను. ఫోన్ చేస్తే ఎత్తేవారు కాదు."

కాస్త మోగించి పెట్టేసి మళ్ళీ చెయ్యాలని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఆ వెనక వరసలో ఇంకెన్ని గాజులు జారాయో, ఇంకెందరు తమది కనపడలేదేమో అనుకుని ఇళ్ళకి వెళ్ళారో, ఇప్పుడు ఎవర్ని అడిగినా ప్రయోజనం లేదు. చచ్చిపోయినావిడ కోసం చెయ్యెత్తడానికి ఇవాళ ఎవరికీ భుజం నొప్పెట్టదు.

చివరి ఇల్లు మాది కనక తిరిగి ఫోన్ చెయ్యాలి. చేశాను. అమ్మగారికి ఒంట్లో బాగా లేదట, అయ్యగారే ఎత్తారు. విన్నది విన్నట్టు ఒప్పజెప్పాను. రొట్టె చేసిచ్చిన సహోదరి, ప్రభువునందు, కుటుంబం కోసం. ఆమెన్, మాట పూర్తిగా అందింది బ్రదర్, అన్నారాయన.

"అయ్యగారూ, ఆ రోజు ఎన్ని చేతులు లేచాయండీ?"

ఏ రోజని ఆయన అడగలేదు. ఆయన వెనక నుంచి, మంచం మీది నుంచి కాబోలు, అమ్మగారి గొంతు సన్నగా వినపడింది. "చెప్పండి. ఇప్పుడన్నా చెప్పండి" అంటోంది.

"ప్రార్థన చేద్దాం బ్రదర్" అన్నారు అయ్యగారు. "కళ్ళు మూసుకోండి."

ఫోన్లో ఎవరు చూస్తారు. అయినా ఆయన మొదలుపెట్టారు. మంచి ప్రార్థన, పొడుగాటిది, ఒక్క మాట తడబడలేదు. నేను రిసీవర్ పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. ఒవెన్ కడ్డీ మీద నీలం చారల గుడ్డ ఆరేసి ఉంది. దాని పక్కనే సుగుణ, నా వైపే చూస్తోంది. ఇద్దరి కళ్ళూ తెరిచే ఉన్నాయి.

గొలుసు నియమం ప్రకారం మాట అన్ని ఇళ్ళూ తిరిగి మొదటి ఇంటికి చేరింది. చేరవలసిన ఇంట్లో ఫోన్ ఇంకా దిండు కిందే ఉండి ఉంటుంది.